మొలకెత్తని తొమ్మిదో సీసా

కాలుష్యాన్ని తిట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట!

నీళ్లు పాడైపోతున్నాయి, నేల పాడైపోతోంది అని గుండెలు బాదుకుంటారే, ఒక్కనాడైనా సైన్స్ మాస్టార్ల గురించి ఆలోచించారా? కాలువలన్నీ అద్దంలా మెరిసిపోతూ, నేలంతా పచ్చగా నవనవలాడుతూ ఉంటే ఏడో తరగతి పిల్లలకి నేను పదమూడో పాఠం ఎలా చెప్పాలి? "పిల్లలూ, అదిగో చూడండి, అక్కడ ఏమీ లేదు" అని చూపించనా?

'మానవ కార్యకలాపాలు - నీరు, నేల.' ఇదీ ఆ పాఠం పేరు. ఇరవై రెండేళ్లుగా నా పరువు నిలబెట్టిన పాఠం.

మిగతా పాఠాలకి ఎన్ని తిప్పలో మీకేం తెలుసు? గుండె గురించి చెప్పాలంటే గుండె బొమ్మ కావాలి. మా బొమ్మకి ఎడమ భాగం ఎప్పుడో ఊడిపోయింది, సగం గుండెతోనే నెట్టుకొస్తున్నాం. గ్రహాల పాఠానికి బంతులు కావాలి, వాటిని పీఈటీ మాస్టారు ఇవ్వడు. కాలుష్యం పాఠానికి ఏం కావాలి? కిటికీ తెరిస్తే చాలు!

మా బడి వెనక ఓ కాలువ ఉంది. అద్దకం షాపు తెరిచిన రోజు నీలంగా పారుతుంది. లాండ్రీవాళ్లకి పని ఎక్కువైన రోజు నురగలు కక్కుతుంది. ఆదివారం మాత్రం ఏ రంగూ ఉండదు, దానికీ సెలవే. ఇంత ఖరీదైన పరికరం ఏ ల్యాబ్‌లో ఉందో చెప్పండి!

నేను క్లాసులోకి వెళ్లగానే మాట్లాడేవాణ్ణి కాదు. కిటికీ తెరిచేవాణ్ణి. వాసన ఆఖరి బెంచీదాకా పాకి, ముప్పై ఎనిమిది ముక్కులూ మూసుకునేదాకా ఆగేవాణ్ణి. అప్పుడు కళ్లజోడు తీసి, ఒకే ఒక్క మాట అనేవాణ్ణి.

"మనిషి!"

నా పాఠం నోట్సులో మార్జిన్‌లో ఇప్పటికీ రాసి ఉంటుంది: 'ఇక్కడ కళ్లజోడు తీయాలి.' దాని కింద, 'ఇక్కడ నిట్టూర్పు.' మూడో పేజీలో అయితే 'ఇక్కడ గొంతు కాస్త వణకాలి' అని ఎర్ర సిరాతో ఉంది. తనిఖీకి వచ్చిన ఓ పెద్దాయన ఆ మూడో పేజీ దగ్గర కళ్లు తుడుచుకున్నాడు కూడా. కాలువ వాసనకి తుడుచుకున్నాడని అటెండరు అంటాడు. అతని మాటలు పట్టించుకోకండి.

ఇలా హాయిగా సాగిపోతున్న నా జీవితంలో ఓ విపత్తు వచ్చిపడింది. మా హెడ్ మేడమ్ మూడు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చారు.

"మాస్టారూ, ఇకనుంచి మీరు పాఠం చెప్పకూడదు" అన్నారు వస్తూనే.

"అదేంటి మేడమ్, నేనేం తప్పు చేశాను?"

"తప్పు కాదండీ, కొత్త పద్ధతి. పిల్లలు చేస్తారు, మీరు చూస్తారు. వాళ్లే తెలుసుకుంటారు. నెలాఖరు శుక్రవారం ఎగ్జిబిషన్. పెద్దాఫీసరు గారు వస్తున్నారు."

మరి నా నిట్టూర్పు సంగతేంటని అడగాలనుకున్నాను. ధైర్యం చాల్లేదు.

సరే, చేయిద్దాం, అదెంత పని? పన్నెండు చోట్ల నుంచి మట్టి తెమ్మన్నాను. ఖాళీ నీళ్ల సీసాల్ని సగానికి కోయించి, మట్టి పోయించి, ఒక్కోదాంట్లో నాలుగేసి చిక్కుడు గింజలు నాటించాను. అన్నిటికీ ఒకే కిటికీ, ఒకే కుళాయి నీళ్లు, రోజుకు ఒకే కొలత. ఏ మట్టి ఎక్కడిదో సీసా మీద రాయొద్దని, నంబరు మాత్రమే వేయాలని రూలు కూడా పెట్టాను.

"పేరు తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుంది. సైన్స్‌కి చుట్టరికాలు ఉండవు!" అన్నాను.

ఎంత గొప్ప మాట! నా గొయ్యి నేనే తవ్వుకున్నాను సరే, అదీ శాస్త్రీయ పద్ధతిలో తవ్వుకున్నాను.

ఏ నంబరు ఎక్కడిదో రాసిన పుస్తకం ఓ అమ్మాయి దగ్గర ఉంచాను. క్లాసంతా ఆ పిల్లని 'మరైతే' అని పిలుస్తారు. ఏ ప్రశ్నయినా ఆ మాటతోనే మొదలుపెడుతుంది మరి. "మరైతే సార్, చేపలు దాహం వేస్తే ఏం చేస్తాయి?" ఇలా ఉంటాయి. జవాబు తెలియనప్పుడు నేను బెల్ కోసం ఎదురుచూస్తాను. ఆ పిల్ల వచ్చాక మా బడి బెల్ చాలా ఆలస్యంగా కొడుతున్నారని నా అనుమానం.

వాళ్ల నాన్న బళ్ల మెకానిక్. ఆ షెడ్డు దగ్గర మట్టి తనే తెచ్చింది, నల్లగా, జిడ్డోడుతూ.

"మా నాన్న షెడ్డుది సార్. నాలుగో నంబరు. ఇదే ఫెయిలవుతుందేమో."

"తెలిసి తెలిసి ఎందుకు తెచ్చావమ్మా?"

"మరైతే సార్, తేకపోతే ఎలా తెలుస్తుంది?"

నేను ఆ ప్రశ్నని మెచ్చుకుని ఊరుకున్నాను. మెచ్చుకోవడంలో నాకు అనుభవం ఉంది.

ఫలితాలు ఎలా వస్తాయో ముందే ఓ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, పిల్లల ముందే బీరువాలో దాచాను. ఆఖరు ర్యాంకు అద్దకం షాపుకి, దానికి పైన మెకానిక్ షెడ్డు, ఆ పైన కాలువ గట్టు. నా జోస్యం అంత పక్కా! ఊళ్లో ఎవడు ఎంత పాపాత్ముడో ఇరవై రెండేళ్లుగా చెబుతున్నవాణ్ణి, నాకు తెలియదూ?

మూడో రోజుకి గింజలు ఉబ్బాయి. ఐదో రోజుకి మట్టిని చీల్చుకుని మెడలు బయటపెట్టాయి. ఏడో రోజుకి ఆకులు. అద్దకం షాపు మట్టిలో కూడా రెండు మొలిచాయని తర్వాత తెలిసింది, పాలిపోయి ఉన్నాయనుకోండి. మెకానిక్ షెడ్డు మట్టిలో ఒకటి మొలిచింది. ఆ ఒక్కదాన్ని మరైతే రోజూ స్కేలుతో కొలుచుకునేది.

తొమ్మిదో సీసాలో ఏమీ లేదు.

పదో రోజుకీ ఏమీ లేదు. పిల్లలు దాని చుట్టూ చేరారు, జ్వరం వచ్చినవాడి మంచం చుట్టూ చేరినట్టు.

"గింజలు మంచివి కావేమో" అన్నాను.

"మరైతే సార్, అన్నీ ఒకే పొట్లంలోవి కదా?"

నీళ్లు నమిలాను. (నీటి పాఠం కదా, ఆ మాత్రం ఉండాలి.) తర్వాత ఆ మట్టిని కాసిన్ని నీళ్లలో కలిపి నీలి లిట్మస్ కాగితం ముంచమన్నాను. ముంచారు. ఎర్రగా అయి కూర్చుంది. అంత ఎర్రగా అవడం ప్రయోగాల పుస్తకంలో బొమ్మలోనే చూశాను.

ఆ ఎరుపు చూడగానే నాలోని పాతమాస్టారు నిద్రలేచాడు. మాట్లాడొద్దన్న హెడ్ మేడమ్ మాట గాలికి పోయింది. కళ్లజోడు తీశాను.

"పిల్లలూ! ఈ తొమ్మిదో నంబరు ఎవరిదో నాకు తెలియదు. కానీ ఒకటి చెబుతాను. వాడు మట్టిని చంపినవాడు. ఒక్క రోజులో కాదు, ఏళ్ల తరబడి, కొంచెం కొంచెంగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా విషం పోసి చంపాడు! ఎగ్జిబిషన్‌లో వాడి పేరు ఇంత పెద్ద అక్షరాలతో రాయాలి. మొహమాటపడొద్దు. వాడు ఎంతటివాడైనా సరే!"

నిట్టూర్చాను. గొంతు దానంతటదే వణికింది. "చదవమ్మా" అన్నాను.

మరైతే పుస్తకం తెరిచింది. "తొమ్మిది. మన సైన్స్ ల్యాబ్ వెనక, గోడ పక్కన, గొట్టం కింద." కాస్త ఆగి, నా వంక చూసి, మిగతాది కూడా చదివింది. "సార్ స్కూటర్ పెట్టే చోటు."

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఎరగకపోతే పోనీ, ఆ గింజ నాలాగా కళ్లజోడు తీసి ఉపన్యాసాలైతే ఇవ్వదు కదా!

"ఏ గొట్టం?" అన్నాను. వినిపించీ వినిపించకుండా అన్నాను.

ల్యాబ్ అటెండరు పిల్లల వెనక నుంచి గొంతు సవరించుకున్నాడు. నాకంటే ఐదేళ్లు సీనియరు. "సింక్ గొట్టమే సార్. డ్రైనేజీకి ఎప్పుడూ కలపలేదు కదా. గోడవతలకి తీసి వదిలేశారు. అక్కడి నుంచి అలా అలా కాలువలోకి పోతుంది. మీకు తెలుసనుకున్నాను."

అయ్యా, అమ్మా, మీరే చెప్పండి. సింక్‌లో పోసింది ఎటు పోతుందో ఎవరైనా అడుగుతారా? కిందకి పోతుంది. పోయిందంటే పోయినట్టే! ఇరవై రెండేళ్లు ప్రాక్టికల్స్ అయ్యాక మిగిలిన యాసిడ్, నీలంగా నిగనిగలాడే మైలుతుత్తం నీళ్లు, పేరు చెరిగిపోయిన సీసాల్లోని మందులు అన్నీ అందులోనే పోశాను. పోసి, చేతులు శుభ్రంగా కడుక్కుని, పక్క గదిలోకి వెళ్లి పదమూడో పాఠం చెప్పాను.

ఇంకో సంగతి మీకు చెప్పకూడదు గానీ చెప్పేస్తున్నాను. బడి ఆవరణంతా మోకాలెత్తు పిచ్చిగడ్డి. ఆ ఒక్కచోట మాత్రం గడ్డిపోచ ఉండేది కాదు. "ఆహా, ఎంత శుభ్రమైన చోటు!" అని మురిసిపోయి, నా స్కూటర్‌కి ఆ స్థలం ఖాయం చేసుకున్నాను. పదేళ్ల కిందట కొత్త మాస్టారొకాయన అక్కడ బండి పెడితే పోట్లాడాను కూడా.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడతో అంతా చెప్పాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ విన్నది.

"ఉన్నదున్నట్టు చెప్పేస్తే పోలా?" అంది.

"నీకేం తెలుసు! ఇరవై రెండేళ్ల పరువు."

"అయితే దాన్నే తీసుకెళ్లి ఆ తొమ్మిదో సీసాలో నాటండి. మొలుస్తుందేమో చూద్దాం."

ఆవిడ వెటకారానికే అంది. కానీ నాటడం అన్న మాట నా చెవిలో పడిపోయింది. పొట్లంలో మిగిలిన చిక్కుడు గింజల్ని ఆవిడ పది రోజుల కిందటే వంటింటి కిటికీలో ఓ తొట్టెలో వేసింది. అవి ఏపుగా పెరిగాయి. మర్నాడు పొద్దున్నే, ఆవిడ స్నానానికి వెళ్లిన వేళ చూసి, అందులోంచి ఒక మొక్కని వేళ్లతో సహా లేపి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, బెల్‌కి గంట ముందే బడికి చేరాను. తొమ్మిదో సీసాలో నాటి, మట్టి సర్ది, నీళ్లు చల్లి, అమాయకంగా కుర్చీలో కూర్చున్నాను.

ఇన్నేళ్ల సర్వీసులో అంత పొద్దున్నే బడికి రావడం అదే మొదటిసారి. అందుకైనా నన్ను మెచ్చుకోవద్దూ?

పిల్లలు వచ్చారు. "తొమ్మిది మొలిచింది! తొమ్మిది మొలిచింది!" అని గంతులు. నేను కూడా ఆశ్చర్యపోయాను. నటన చక్కగా కుదిరింది.

మరైతే ఒక్కతే గంతులు వేయలేదు. సీసా వంక చూసింది, కిటికీ వంక చూసింది, మళ్లీ సీసా వంక చూసింది.

"సార్... మిగతావన్నీ కిటికీ వైపు వంగాయి. ఇది గోడ వైపు వంగింది."

మొక్క వెలుతురు వైపు వంగుతుందని ఆ పిల్లకి చెప్పినవాడెవడు? నేనే! నాలుగో పాఠం. ఇన్నేళ్లలో నేను నిజంగా మనసుకెక్కేలా చెప్పిన పాఠం అదొక్కటే అనుకుంటాను. అది తిన్నగా వచ్చి నా మెడకే చుట్టుకుంది.

"పైగా నిన్న లేని మొక్కకి ఇవాళ నాలుగాకులు ఎలా వస్తాయి సార్?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ పిల్ల నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. అనుమానించలేదు. నా దగ్గరగా వచ్చి, మిగతావాళ్లకి వినపడకుండా అంది.

"ఎవరో కావాలని పెట్టారు సార్. మన ప్రయోగం పాడుచేశారు. పదిరోజులూ పోయినట్టేనా సార్?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నాక్కూడా ఓ రోజు అనిపించింది సార్, మా నాన్నది మార్చేద్దామని. అందరూ ఆయన్ని అంటారని. ఇంటికెళ్లి ఆయనకే చెప్పాను. తర్వాత ఆయిలు కింద పడకుండా బళ్ల కింద రేకు ట్రే పెట్టుకున్నారు. నేను మార్చలేదు సార్."

ఇక్కడ నిట్టూర్చాలని నా నోట్సులో ఎక్కడా లేదు. నిట్టూర్పు కూడా రాలేదు. లేచి నిలబడ్డాను.

"నేనే పెట్టాను" అన్నాను.

ముప్పై ఎనిమిది మొహాలు నా వైపు తిరిగాయి. ఆఖరి బెంచీలోంచి ఎవరో అన్నారు, "సార్ కూడా కాపీ కొడతారా?"

నవ్వారు. అందరూ నవ్వారు. మరైతే నవ్వలేదు. పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. తన ముత్యాల్లాంటి అక్షరాలతో అప్పుడే రాసింది: 'పదకొండో రోజు. పొద్దున సార్ ఒక మొక్క పెట్టారు. తర్వాత పీకేశారు. తొమ్మిదిలో మొలిచినవి: సున్నా.'

"సంతకం పెట్టండి సార్. తేడా జరిగినప్పుడు రాయాలని మీరే చెప్పారు."

మొక్క పీకాను. సంతకం పెట్టాను.

హెడ్ మేడమ్‌కి సంగతి చేరడానికి ఎంతసేపు? ఇంటర్వెల్ కూడా కాలేదు.

"ఆ తొమ్మిదో సీసా తీసేయండి. పదకొండు చాలు."

"పిల్లల చేత చేయించమన్నది మీరే కదా మేడమ్."

"చేయించమన్నానండీ, కనిపెట్టమన్నానా?"

అయినా తీయలేదు. నా ధైర్యం వల్ల కాదు. ముప్పై ఎనిమిది మంది ఆ సీసా ముందు నిలబడ్డారు, అందుకని. బీరువాలోని నా జోస్యం కవరు కూడా తెరిచి దాని పక్కనే అంటించారు, 'సార్ అనుకున్నది' అని పేరు పెట్టి. శుక్రవారం పెద్దాఫీసరు గారు వచ్చి, వంగి, సీసా వంక పరీక్షగా చూశారు.

"ఇది ఏ ఫ్యాక్టరీ మట్టి పాపా?"

"మా ల్యాబ్‌ది సార్. మా సార్ పోశారు. మాకు తెలియక మేమూ పోశాం."

ఆయన పకపకా నవ్వి, పిల్ల భలే చమత్కారి అని బుగ్గ తట్టి, విజిటర్స్ బుక్‌లో ఇలా రాశారు: 'చార్టుల్లో రంగులు చక్కగా వాడారు.'

ఇక్కడితో అయిపోతే ఇది నీతికథ అయ్యేది. అవలేదు.

సోమవారం పిల్లలు, అటెండరు కలిసి సింక్‌కి బిరడా కొట్టారు. ప్రాక్టికల్స్ అయ్యాక మిగిలిందంతా ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాన్‌లో పోయడం మొదలుపెట్టాం. 'విషం. పారబోయరాదు' అని పిల్లలే లేబుల్ అంటించారు. నా స్కూటర్‌ని గేటు దగ్గర గడ్డిలోకి మార్చాను. సీటు మీద రోజూ ఓ మిడత ఎక్కి కూర్చుంటోంది. దానికీ నాకూ ఇంకా రాజీ కుదరలేదు.

"మరైతే సార్, క్యాన్ నిండాక ఎవరికివ్వాలి?"

నాకు తెలియదు. మొదటిసారి బెల్ కోసం చూడకుండా ఆ మాటే అన్నాను. ఫోన్ స్పీకరులో పెట్టి క్లాసందరి ముందే కనుక్కుందామన్నాను.

చెత్త ఆఫీసుకి చేశాం. "తడి చెత్తా, పొడి చెత్తా?" అన్నారు. "విషం అండీ" అన్నాను. "ఆ డబ్బా మా బండికి లేదు" అన్నారు.

నీళ్ల ఆఫీసుకి చేశాం. "కాలువలో కలిపేశారా?" "లేదండీ, కలపకూడదనే..." "కలపకపోతే మాకెందుకు చేశారు?"

కాలుష్యం ఆఫీసుకి చేశాం. ఆయన పాపం చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఒలికిందా మాస్టారూ?"

"లేదండీ. మూత బిగించి భద్రంగా ఉంచాం."

"అదే మరి చిక్కు. ఒలికితే కేసు రాసుకుంటాం, మనిషిని పంపిస్తాం. ఒలకనిదానికి మా దగ్గర ఫారం లేదు. ఒలికాక ఒకసారి చేయండి."

ఫోన్ పెట్టేశాక మరైతే చేయెత్తింది.

"సార్, పారబోసినన్నాళ్లూ ఒక్కళ్లూ ఏమీ అడగలేదు. పారబోయడం మానేశాకే ఇన్ని ప్రశ్నలా?"

మీకు జవాబు తెలిస్తే నాకొక ఉత్తరం ముక్క రాయండి. ఆ పిల్లకి చదివి వినిపిస్తాను. ఈలోగా ఒక చిన్న సాయం. క్యాన్ ఈ మధ్యాహ్నం నిండిపోయింది, నా బల్ల కిందే ఉంది, కాళ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. రేపు మళ్లీ ప్రాక్టికల్స్. మీ ఇంట్లో ఖాళీ క్యాన్ ఏదైనా ఉంటే పంపించండి.

మూత మాత్రం గట్టిది అయి ఉండాలి.